ఛార్జింగు కథ: కురుసుర నుండి అరకు ఘాటు వరకు

విశాఖపట్టణములో రామకృష్ణా బీచికి పోయిన విద్యార్థులు తప్పక చూచివచ్చే వస్తువు ఒకటున్నది. అది ఇసుకమీద నిలిపియుంచిన కురుసుర అను జలాంతర్గామి నౌక. తొంబదియొక్క మీటర్ల పొడవుగల ఈ నౌక 1969 డిసెంబరు 18న మన నౌకాదళములో చేరి, 2001 ఫిబ్రవరి 27న విరమించి, 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా మారినది. పిల్లలు లోపలికి పోయి టార్పెడో గొట్టములను, పెరిస్కోపును, గోడ అంచున అరలవలె అమర్చిన పడకలను చూచి అబ్బురపడి బయటికి వస్తారు. తాము నడచిన నేలక్రింద ఏముండెడిదో అడిగేవారు అరుదు. ఆ నేలక్రింద ఒకప్పుడు వందలకొలది సీసపు ఘటములు ఉండెడివి. ఈ నౌక నీటి అడుగున నడచినంతసేపు వానిలో నిలువచేసిన విద్యుచ్ఛక్తితోనే నడచినది.

ఈ వ్యాసము విద్యుత్ కార్లను గురించినది. అయినను జలాంతర్గామితో ఆరంభించుటకు కారణము కలదు. నేడు విద్యుత్ కారు కొన్న గృహస్థుడు ఉదయము లేచి వేసుకొనే ప్రశ్నలు మూడు: బ్యాటరీలో ఎంత మిగిలి ఉన్నది? నేడు ఎంత దూరము పోవలెను? మరల ఎక్కడ, ఎంతసేపు నింపుకోవలెను? కురుసుర కప్తానుకూడ ప్రతిదినము ఈ ప్రశ్నలే వేసుకొనెడివాడు. డీసెలు యంత్రమునకు గాలి కావలెను. నీటి అడుగున గాలి లేదు. కనుక మునిగినంతసేపు బ్యాటరీ, పైకి వచ్చినప్పుడు డీసెలు. ఆ డీసెలుతో డైనమోలను త్రిప్పి బ్యాటరీని మరల నింపుకోవలెను. శత్రువు కంటబడకుండ రాత్రివేళ పైకి వచ్చియో, గాలిగొట్టము మాత్రము నీటిపైకి చాచియో ఈ పని చేసెడివారు. ఛార్జింగు వేళ తప్పినచో ప్రాణమునకే ముప్పు. మన గృహస్థునికి మహా అయితే ఆఫీసుకు ఆలస్యమవుతుంది.

ఇంకొక పాఠముకూడ ఆ నౌకలో ఉన్నది. ఈ తరగతి జలాంతర్గాములు గంటకు రెండు నౌకామైళ్ల నింపాది వేగముతో పోతే బ్యాటరీమీదనే కొన్ని వందల మైళ్లు పోగలిగెడివి. పూర్తివేగముతో పోతే కొన్ని పదుల మైళ్లకే బ్యాటరీ అడుగంటెడిది. దీనికి కారణములు రెండు. నీటి నిరోధము వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగుతుంది. వేగము రెట్టింపైతే అంతే దూరమునకు దాదాపు నాలుగురెట్ల శక్తి కావలెను. రెండవది సీసపు ఘటము స్వభావము. దానినుండి శక్తిని తొందరగా లాగితే మొత్తముమీద తక్కువ ఇస్తుంది. ఈ సంగతిని 1897లో పాయికర్టు అను జర్మను శాస్త్రజ్ఞుడు సూత్రరూపమున చెప్పినాడు. కారు విషయములో నీటికి బదులు గాలి. ఊరిలో నలుబది కిలోమీటర్ల వేగముతో తిరిగేవాడు ఆనందపురము దాటి జాతీయ రహదారిమీద నూరు కిలోమీటర్ల వేగము అందుకోగానే అంకె గబగబ తగ్గిపోవుట చూచి కారులో లోపమున్నదనుకుంటాడు. లోపము కారులో లేదు, గాలిలో ఉన్నది.

సీసపు ఘటమును నింపునప్పుడు, ముఖ్యముగా నిండవచ్చిన సమయమున, అందులోని నీరు విడిపోయి ఉదజని, ఆమ్లజని వాయువులు వెలువడును. గాలి ఆడని చోట ఉదజని పోగుపడితే ఒక్క నిప్పురవ్వ చాలును. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖ రేవు వెలుపల మునిగిపోయిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ వినాశమునకు కారణమేమి అను విషయమున వేరువేరు వాదములు కలవు. బ్యాటరీనుండి వెలువడిన ఉదజని ప్రేలియుండునను ఊహకూడ వానిలో ఒకటి.

మొదటి విద్యుత్ బండ్లు

విద్యుత్ కారు నిన్న మొన్నటి వింత అని మన విద్యార్థులు అనుకుంటారు. ఇది పొరపాటు. 1859లో ఫ్రాన్సు దేశస్థుడగు ప్లాంటే సీసపు రేకులను గంధకికామ్లములో ముంచి, మరల మరల నింపుకోదగిన ఘటమును మొదటిసారి తయారుచేసినాడు. 1881లో ఫోర్ అను మరియొకడు ఆ రేకులకు సీసపు భస్మపు ముద్దను పట్టించి దాని శక్తిని పెంచినాడు. ఆ సంవత్సరమే పారిస్ వీధులలో త్రూవే అను యంత్రనిపుణుడు మూడుచక్రముల బండిని విద్యుత్తుతో నడిపినాడు. కార్ల్ బెంజ్ పెట్రోలు బండికి పేటెంటు పొందినది 1886లో. అనగా విద్యుత్ బండి పెట్రోలు బండికి తమ్ముడు కాదు, అన్న. 1899లో జెనాట్సీ అను బెల్జియం దేశస్థుడు చుట్ట ఆకారముగల విద్యుత్ కారులో గంటకు నూరు కిలోమీటర్ల వేగమును దాటినాడు. నేలమీద ఏ మోటారు బండియు అంతకుముందు ఆ వేగమును అందుకొనలేదు.

1900 ప్రాంతమున అమెరికాలో ఒక సంవత్సరమున తయారైన సుమారు 4,200 కార్లలో ఆవిరివి 1,681, విద్యుత్తువి 1,575, పెట్రోలువి 936 మాత్రమే. పందెములో అందరికన్న వెనుక ఉన్నది పెట్రోలు. మరి అది గెలిచినదెట్లు?

దీనికి జవాబు చాలవరకు ఛార్జింగులోనే ఉన్నది. ఆనాటి వారికి ఈ చిక్కు తెలియక కాదు. న్యూయార్కులో 1897నుండి నడచిన విద్యుత్ బాడుగబండ్లకు ఒక ఏర్పాటు ఉండెడిది. బండి శాలలోనికి రాగానే ఖాళీ అయిన బ్యాటరీ పెట్టెను యంత్రసహాయముతో లాగివేసి, నిండినదానిని దూర్చి, కొద్ది నిమిషములలో పంపివేసెడివారు. టపా బండికి మజిలీలో గుర్రములు మార్చుటవంటిదే ఇది. హార్ట్‌ఫర్డు నగరపు విద్యుత్ సంస్థ 1910 తరువాత లారీలకు ఇట్లే బ్యాటరీలను బాడుగకిచ్చి, నడచిన మైళ్లనుబట్టి సొమ్ము పుచ్చుకొన్నది. నేడు మన ఊళ్లలో కొన్ని ఆటోలకు, స్కూటర్లకు బ్యాటరీ మార్చే కేంద్రములు కనబడుచున్నవి. అవి కొత్తవే గాని ఆ ఆలోచనకు నూరేండ్లు దాటినవి.

ఇండ్లలో నింపుకొనుటలో వేరొక చిక్కు వచ్చినది. బ్యాటరీకి కావలసినది ఒకే దిశగా పోవు ఏకముఖ ప్రవాహము. ఇండ్లకు తీగలపై వచ్చుచుండినది చాలచోట్ల దిశ మార్చుకొనుచుండే ఏకాంతర ప్రవాహము. దానిని దీనిగా మార్చు సాధనమే రెక్టిఫయరు. 1902లో కూపర్ హ్యూయిట్ పాదరసపు ఆవిరితో పనిచేయు గాజుబుడ్డి రెక్టిఫయరును కనిపెట్టినాడు. తరువాత అమెరికాలో సంపన్నుల కారుశాలలలో నీలికాంతితో మిణుకుమిణుకుమంటూ రాత్రంతయు కారును నింపినది ఈ బుడ్డియే. ఎడిసన్ సీసమును విడిచి ఇనుము, నికెలుతో మరింత మన్నికైన ఘటమునకై ఎన్నో ఏండ్లు పాటుపడినాడు. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అను కారు ఒకసారి నింపితే ఎనుబది మైళ్లు పోవునని ప్రకటించెడివారు. హెన్రీ ఫోర్డు భార్య పెట్రోలు కారును కాదని నడుపుకొన్నది ఈ విద్యుత్ కారునే! చప్పుడు లేదు, కంపు లేదు, ముందుకు పోయి మరను చేతితో త్రిప్పే బాధ లేదు.

1912లో కెట్టెరింగు కనిపెట్టిన స్వయంచాలక స్టార్టరు పెట్రోలు కారుకు ఆ చివరి బాధను తొలగించినది. ఇందులో తమాషా ఏమనగా, ఆ స్టార్టరులో ఉన్నది ఒక చిన్న విద్యుత్ మోటారు, ఒక సీసపు బ్యాటరీ. విద్యుత్ కారును ఓడించుటకు పెట్రోలు కారు దాని అవయవములనే అరువు తెచ్చుకొన్నది. ఫోర్డు కారు చౌక అయినది. రోడ్లు ఊరుదాటి పల్లెలకు పోయినవి. పల్లెలలో కరెంటు లేదు. పెట్రోలు డబ్బాను మాత్రము ఎక్కడికైనను మోసికొని పోవచ్చును.

పెట్రోలు కారుకు మాత్రము మొదటిరోజులలో ముందుచూపు అక్కర లేదని కాదు. 1888 ఆగస్టులో కార్ల్ బెంజ్ భార్య బెర్తా తన ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు నూరు కిలోమీటర్లకు పైగా కారులో పోయినది. దారిలో ఇంధనము అయిపోగా వీస్‌లోక్ అను ఊరిలో ఒక మందుల దుకాణమునకు పోయి, మరకలు తుడుచుటకు అమ్మే తేలికనూనెను కొని పోసికొన్నది. పెట్రోలు బంకు అను మాట అప్పటికి పుట్టలేదు. మన దేశములోను మొదట పెట్రోలును డబ్బాలలోనే అమ్మెడివారు. నేడు రహదారిపై ఛార్జింగు కేంద్రము ఎక్కడున్నదోనని వెదకుకొనువారిని చూచి నవ్వేవారు ఆ మందుల దుకాణమును గుర్తుంచుకోవలెను.

మన ప్రాంతపు సంగతి

విశాఖ అప్పట్లో చెన్నరాజధానిలోనిది. ఆ రాజధాని ముఖ్యపట్టణమగు మద్రాసులో 1895 మే 7న విద్యుత్ ట్రాము నడచినది. భారతదేశములో విద్యుత్ ట్రాము మొదట నడచినది అక్కడే. ట్రాముకు బ్యాటరీ అక్కరలేదు. శక్తి దారిపొడవునను అందుతుంది. అయితే దారి విడిచి అంగుళము కదలలేదు. 1953లో మద్రాసు ట్రాములు ఆగిపోయినవి.

విశాఖలో రేవు 1933లో తెరువబడినది. ఆ అక్టోబరు 7న జలదుర్గ అను ఓడ లోనికి వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కరవై మన జిల్లాలలో బస్సుల వెనుక బొగ్గు కొలుములు కట్టి, వానినుండి వచ్చే వాయువుతో నడిపినారు. పెద్దవారు చెప్పగా వినియుందురు: ఎత్తువచ్చినచోట ప్రయాణికులు దిగి నెట్టవలసివచ్చెడిది! అదే కరవులో జపానువారు విద్యుత్ కార్లవైపు తిరిగినారు. 1947లో టోకియోలో వెలువడిన టామా అను కారు అట్టిదే. మనకు అప్పటికి కారును నింపుటకు కాదుగదా, దీపమునకే కరెంటు చాలినంత లేదు. 1955లో మాచ్‌కుండ్ జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించిన తరువాతనే ఈ ప్రాంతమునకు విద్యుత్తు విరివిగా అందినది. ఆ వెంటనే 1957లో కాల్టెక్సువారి నూనె శుద్ధి కర్మాగారము విశాఖలో వెలసినది. ఒకటి కొండనుండి వచ్చిన కరెంటు, రెండవది కడలిమీద వచ్చిన చమురు. రెండేండ్ల తేడాతో రెండును ఈ ఊరికి చేరినవి. రోడ్డు చమురుకు దక్కినది, దీపము కరెంటుకు దక్కినది. ఆ కర్మాగారము తరువాత ప్రభుత్వపరమై హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసినది. నేడు ఆ సంస్థ తన పెట్రోలు బంకులలో విద్యుత్ కార్లకు ఛార్జింగు యంత్రములుకూడ నిలుపుతున్నది.

విద్యుత్తు దీపములనుండి చక్రములవైపు తిరిగినది మొదట ఇనుపదారిలో. బైలదిల్లా ఇనుపరాతిని విశాఖ రేవునకు తెచ్చుటకు వేసిన కొత్తవలస–కిరండోలు రైలుమార్గములో 1980 తరువాతి రెండు మూడేండ్లలో విద్యుదీకరణము జరిగినది. ఈ మార్గము భౌతికశాస్త్రోపాధ్యాయునికి వరము. బరువుతో ఉన్న బండ్లు దాదాపు వేయి మీటర్ల ఎత్తునగల శిమిలిగూడ దాటి సముద్రమట్టమునకు దిగుతాయి. ఖాళీ పెట్టెలు పైకి పోతాయి. దిగే బండిలోని స్థితిజశక్తి ఏమి కావలెను? పాత ఇంజనులలో బ్రేకు వేసినప్పుడు మోటార్లే డైనమోలుగా మారి కరెంటు పుట్టించెడివి గాని, ఆ కరెంటును నిరోధక తీగలలో వేడిగా పోగొట్టెడివారు. కొత్త మూడు ఫేజుల ఇంజనులు దానిని పైతీగలోనికి తిరిగి పంపుతాయి. విద్యుత్ కారుకూడ దిగుడులో ఇట్లే తన బ్యాటరీని తానే కొంత నింపుకొంటుంది. తిరుమల ఘాటులో 2022నుండి ఆర్టీసీవారు నడుపుచున్న విద్యుత్ బస్సులకును ఇదే లాభము: ఎక్కునప్పుడు ఖర్చు, దిగునప్పుడు కొంత రాబడి.

కారు విషయమున మన దేశములో 1993లో లవ్‌బర్డు అను చిన్నబండి వచ్చి నిలువలేకపోయినది. 2001లో బెంగుళూరునుండి రేవా వచ్చినది. సీసపు బ్యాటరీ, సుమారు ఎనుబది కిలోమీటర్ల దూరము, నిండుటకు ఎనిమిది గంటలు. అనగా నూరేండ్లనాటి డెట్రాయిట్ కారుకన్న దూరములో ఎక్కువ సాధించినది లేదు. దోషము తయారుచేసినవారిది కాదు, సీసముది. కిలో బరువుగల సీసపు బ్యాటరీ ముప్పదినలుబది వాట్ గంటల శక్తిని దాచును. 1970ల తరువాత విటింగ్‌హాం, గుడెనఫ్, యోషినో అనువారి కృషివలన రూపొంది, 1991లో సోనీ సంస్థ బజారులో పెట్టిన లిథియం అయాను ఘటము దానికి నాలుగైదు రెట్లు దాచగలదు. ఈ ముగ్గురికి 2019లో నోబెల్ బహుమానము వచ్చినది. 2020 జనవరిలో వెలువడిన టాటా నెక్సన్ విద్యుత్ కారులో 30.2 యూనిట్ల లిథియం బ్యాటరీ ఉన్నది. తిరుపతి సమీపమున 1985లో స్థాపితమై సీసపు బ్యాటరీలతో పేరుపొందిన అమర రాజా సంస్థ 2023లో మహబూబ్‌నగరు దగ్గర దివిటిపల్లిలో లిథియం ఘటముల కర్మాగారమునకు శంకుస్థాపన చేయించినది.

గంటలెందుకు పట్టును?

తరగతిలో ఈ లెక్క వేయించవచ్చును. లీటరు పెట్రోలులో సుమారు తొమ్మిది యూనిట్ల శక్తి ఉన్నది. బంకులో రెండు నిమిషములలో నలుబది లీటర్లు పోసినారనుకొందము. 360 యూనిట్లు రెండు నిమిషములలో కారులోనికి పోయినవి. అనగా 10,800 కిలోవాట్లు! పెట్రోలు యంత్రము దానిలో నాలుగవ వంతు మాత్రమే చక్రమునకిస్తుందని తీసివేసినను 2,700 కిలోవాట్లు మిగులుతాయి. ఇక ఇంటిలోని పదునైదు ఆంపియర్ల ప్లగ్గు: 230 వోల్టులు, 15 ఆంపియర్లు, అంటే 3.45 కిలోవాట్లు. దానిని ఎడతెగక కాల్చుట మంచిది కాదు కనుక మూడు అనుకొందము. ముప్పది యూనిట్ల బ్యాటరీ నిండుటకు పది గంటలు. పెట్రోలు గొట్టము ఏనుగు తొండమైతే ఇంటి ప్లగ్గు చీమ నోరు. పగలంతయు తిరిగే బాడుగకారుకు ఇది పెద్ద లోపము. రాత్రి పది గంటలు ఊరకే నిలిచే గృహస్థుని కారుకు లోపమే కాదు.

రహదారిమీది వేగపు ఛార్జింగు యంత్రములు ఇంటి ప్లగ్గుకన్న పది, ఇరువది రెట్ల శక్తినిస్తాయి. ఇంటివద్ద రెక్టిఫయరు కారులోపలే ఉంటుంది. చిన్నది కనుక నెమ్మది. రహదారి కేంద్రములో పెద్ద రెక్టిఫయరు బయట ఉండి ఏకముఖ ప్రవాహమును నేరుగా బ్యాటరీకి అందిస్తుంది. విశాఖవారికి ఈ మార్పిడి మహారూపము ఊరిలోనే ఉన్నది. తూర్పు, దక్షిణ విద్యుత్ వ్యవస్థలు రెండును సెకనుకు ఏబది ఆవృత్తులవే అయినను అడుగులు కలువని రెండు సైన్యములవంటివి. నేరుగా కలిపితే ప్రమాదము. అందుచేత గాజువాకలో 1999లో 500 మెగావాట్లు, 2005లో మరి 500 మెగావాట్లు పంపగల కేంద్రమును నెలకొల్పినారు. ఒకవైపునుండి వచ్చిన ఏకాంతర ప్రవాహమును ఏకముఖముగా మార్చి, వెంటనే రెండవవైపు అడుగునకు తగినట్లు మరల ఏకాంతరముగా మార్చి పంపుట దాని పని. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు తీగద్వారా దక్షిణ వ్యవస్థ మిగిలిన దేశముతో అడుగు కలిపినది. కూపర్ హ్యూయిట్ గాజుబుడ్డి, గాజువాక కేంద్రము, కారులోని చిన్నపెట్టె, మూడింటిలోను జరిగే మార్పిడి ఒకటే.

వేగపు యంత్రము దగ్గరకూడ నూటికి ఎనుబది పాళ్లు నిండిన తరువాత నడక మందగిస్తుంది. ఖాళీ రైలుపెట్టెలోనికి మొదటివారు పరుగెత్తిపోయి కూర్చుంటారు. చివరివారు ఏ మూల చోటున్నదోనని వెదకుకొంటూ పోవలెను. లిథియం అయానులుకూడ అంతే. వానిని తొందరపెట్టి త్రోస్తే లోపలికి చొరలేక అంచుననే లోహముగా పేరుకొని బ్యాటరీని చెరుపుతాయి. కనుక రహదారిలో ఎనుబదికి ఆపి బయలుదేరుట తెలివి. చివరి ఇరువదికై అరగంట కూర్చుండి, వెనుక నిలిచినవారిచేత చీవాట్లు తినుట తెలివి కాదు.

ప్లగ్గు ఎవరిది?

2018 డిసెంబరులో కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ వెలువరించిన మార్గదర్శక సూత్రములు నగరములలో మూడు కిలోమీటర్ల చదరమునకు ఒకటి, రహదారులకు ఇరుప్రక్కల ఇరువదియైదు కిలోమీటర్లకు ఒకటి చొప్పున ఛార్జింగు కేంద్రములుండవలెనని చెప్పినవి. ఛార్జింగు అనునది విద్యుత్తును అమ్ముట కాదు, సేవ మాత్రమే, దానికి లైసెన్సు అక్కరలేదని అంతకుముందే ఆ ఏడు స్పష్టపరచినారు. మంచిదే. కాని నా అభిప్రాయములో అసలు సమస్య రహదారిమీద లేదు, మేడలక్రింద ఉన్నది.

సొంత ఇల్లు, సొంత ప్రహరీ ఉన్నవానికి విద్యుత్ కారు సుఖము. విశాఖలో ఉద్యోగస్థులు అనేకులు అపార్టుమెంట్లలో ఉంటారు. నా సహోద్యోగి ఒకరు నాలుగవ అంతస్తులో ఉంటారు. కారు కొన్న మొదటి వారము వారు బాల్కనీనుండి తీగ వ్రేలాడదీసి నింపినారు. సన్నని తీగ, మధ్యలో రెండు అతుకులు. మూడవ రాత్రి ప్లగ్గు నల్లబడి కమురుకంపు వచ్చినది. పది గంటలు ఎడతెగక పదునైదు ఆంపియర్లు పోవు తీగకు, పావుగంట నీళ్లు కాచుకొను తీగకు భేదము కలదని అప్పుడు తెలిసినది. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గమును, నిరోధమును, కాలమును అనుసరించియుంటుందని జౌల్ 1840లలోనే చెప్పినాడు. మనము పిల్లలకు చెప్పుచునే ఉన్నాము. విశాఖ ఉప్పుగాలికి ప్లగ్గుల ఇత్తడి చిలుముపట్టి అతుకులవద్ద నిరోధము మరింత పెరుగును. తరువాత వారు మేడవారి సంఘమును అడిగినారు. ఒకరు నిప్పు భయమన్నారు, ఒకరు ఉమ్మడి మీటరు బిల్లు ఎవరు కట్టుదురన్నారు. చివరకు తమ మీటరునుండి లావు రాగితీగను గొట్టములో క్రిందికి దింపించి, భూసంధానము సరిచేయించి, విడి స్విచ్చి పెట్టించుకొనువరకు నాలుగు నెలలు పట్టినది. ఆ నాలుగు నెలలు వారు కారును కళాశాల ఆవరణలో, తరగతులు జరుగునంతసేపు నింపుకొన్నారు.

ఈ సందర్భమున ఒక సంగతి దాచరాదు. పొగ లేని కారు అని అందరు అంటారు. కొండలు చుట్టుకొనియున్న పళ్లెమువంటి ఈ ఊరిలో, రేవు ధూళి, పరిశ్రమల పొగ చాలకపోగా వాహనముల పొగకూడ తోడైన చోట, వీధిలోని పొగ తగ్గుట చిన్న లాభము కాదు. కాని ప్లగ్గులోని కరెంటు ఎక్కడిది? పరవాడ దగ్గర సింహాద్రి కేంద్రము 2,000 మెగావాట్లది. అక్కడ కాలేది బొగ్గు. ఆ కేంద్రపు జలాశయముమీదనే 2021లో 25 మెగావాట్ల తేలియాడు సౌరఫలకములు అమర్చినారు. సౌరశక్తి పగలు దొరుకుతుంది. మనము కారును నింపేది రాత్రి. పగటివేళ ఆఫీసులలో, కళాశాలలలో కార్లు నిలిచేచోట ప్లగ్గులు పెట్టుటయే ఉత్తమమని నాకు తోచుచున్నది. నా సహోద్యోగి విధిలేక చేసిన పని నిజమునకు సరియైన పని!

గాలివాన వచ్చినప్పుడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను నేరుగా తాకినది. గంటకు 180 కిలోమీటర్లు మించిన గాలికి చెట్లు, స్తంభములు, తీగల గోపురములు కూలినవి. ఊరిలో చాల భాగమునకు దినములకొలది కరెంటు లేదు. అప్పటికి ఇక్కడ విద్యుత్ కార్లు లేవనియే చెప్పవచ్చును. ఇప్పుడు అట్టి తుఫాను వస్తే ఏమగును? ఈ ప్రశ్నను విద్యుత్ కారునకు వ్యతిరేకముగా వాడువారున్నారు. వారు మరచే సంగతి ఒకటి కలదు: కరెంటు లేనిదే పెట్రోలు బంకులోని పంపుకూడ తిరుగదు. హుద్‌హుద్ తరువాత బంకులముందు బారులు తీరిన జనమును చూచినవారికి ఇది చెప్పనక్కరలేదు. అయినను ఒక భేదము ఉన్నది. బంకునకు ఒక జనరేటరు చాలును. వేయి కార్లను నింపుటకు చాలదు. తుఫాను తరువాత ప్రపంచబ్యాంకు సహాయముతో నగరములో తీగలను భూమిలోనికి దింపే పని చేపట్టుట దీనికి కొంత విరుగుడు. ఇక గృహస్థుడు చేయగలిగినది, వాతావరణశాఖ హెచ్చరిక వినిన రోజుననే కారును నింపి, నీరు నిలువని మెరకచోట నిలుపుకొనుట.

అరకు లెక్క

చివరకు విద్యార్థులకు ఒక లెక్క. ముప్పది యూనిట్ల కారులో విశాఖనుండి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోటమీదుగా అరకు పోవలెను. దూరము సుమారు 115 కిలోమీటర్లు. సమతలముమీద యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వచ్చుననుకొంటే పదహారున్నర యూనిట్లు. ఇక ఎక్కుడు: మనుష్యులతో కలిపి కారు బరువు 1,500 కిలోలు, ఎత్తు 1,000 మీటర్లు, గురుత్వత్వరణము 9.8. గుణిస్తే 1,47,00,000 జౌళ్లు. యూనిట్ అనగా 36,00,000 జౌళ్లు గనుక నాలుగు యూనిట్లకు కొంచెము పైన. వేయి మీటర్ల కొండ ఎక్కుటకు ఖర్చు నాలుగు యూనిట్లేనా అని పిల్లలు ఆశ్చర్యపడతారు. మొత్తము ఇరువదిన్నర. అరకులో దిగేసరికి మిగిలినది తొమ్మిదిన్నర.

తిరుగు ప్రయాణమునకు మరల పదహారున్నర. దిగుడులో తిరిగి వచ్చేది, నష్టములు పోగా, రెండున్నర అనుకొందము. కావలసినది పదునాలుగు. ఆపదకు నాలుగు చేర్చితే పదునెనిమిది. అనగా అరకులో ఎనిమిదిన్నర యూనిట్లు నింపుకోవలెను. పదునైదు ఆంపియర్ల ప్లగ్గు దొరికితే మూడు గంటలలోపు పని. గిరిజన ప్రదర్శనశాల, కాఫీ దుకాణము, భోజనము ముగించేసరికి సరిపోవును. అంతేగాని నూటికి నూరుపాళ్లు నింపరాదు. నిండిన బ్యాటరీకి దిగుడులో వచ్చే శక్తిని పుచ్చుకొను చోటుండదు. మోటారు బ్రేకు పట్టదు, చక్రముల బ్రేకులే వేడెక్కుతాయి.

నా సహోద్యోగి గత కార్తీకమాసమున ఈ లెక్కను కాగితముమీద వేసికొనియే కుటుంబముతో బయలుదేరినారు. అంకెలన్నియు ఇంచుమించు సరిపోయినవి. మధ్యాహ్నము మూడు గంటలకు అరకులో బసవారిని బ్రతిమాలి ప్లగ్గు సంపాదించినారు. మూడుంబావుకు వాన వచ్చి కరెంటు పోయినది. మరల వచ్చినది ఆరు గంటలకు. ఘాటులో రాత్రివేళ దిగుట ఇష్టము లేక వారు ఆ రాత్రి అక్కడనే ఉండిపోయినారు. పిల్లలు మాత్రము మహా సంతోషించినారట.